ఇరవై ఏడుగురి ఒక్క మాట

మౌనం అర్ధాంగీకారం అని మనకో మాట ఉంది. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో మాత్రం మౌనం పూర్తి అంగీకారమే. వేళాకోళానికి అనడం లేదు, అక్కడి పద్ధతే అది. యూరోపియన్ యూనియన్‌లో 27 దేశాలున్నాయి. ఆఫ్రికాలో ఎక్కడో సైనిక తిరుగుబాటు జరిగిందనుకోండి. దాని మీద 27 ప్రభుత్వాలూ కలిసి ఒక ప్రకటన చెయ్యాలి. ఒక ముసాయిదా రాసి అన్ని రాజధానులకీ పంపుతారు. ఫలానా రోజు, ఫలానా గంటలోగా ఎవరూ ఏమీ అనకపోతే ఇదే మనందరి మాట అని కింద గడువు పెడతారు. ఆ గంట కొట్టేదాకా ఎవరూ నోరు మెదపలేదా, అది యూరప్ మాట అయిపోతుంది. ఒక్కరు అడ్డు చెప్పినా చాలు, ‘మౌనం చెడగొట్టారు’ అంటారు. కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఈ ముసాయిదాలు వండే వంటిల్లు ఒకటుంది. పేరు ఆఫ్రికా వర్కింగ్ పార్టీ. సహారా ఎడారికి దిగువనున్న దేశాల సంగతులు చూస్తుంది. 27 దేశాల అధికారులు బల్ల చుట్టూ కూర్చుని ‘ఆందోళన చెందుతున్నాం’ అనాలా, ‘తీవ్ర ఆందోళన చెందుతున్నాం’ అనాలా, ఏకంగా ‘ఖండిస్తున్నాం’ అనేయాలా అని గంటలకొద్దీ తేల్చుకుంటారు. నవ్వొస్తుంది కానీ, ఆ ఒక్క మాట వెనక సాయం ఆగుతుందా సాగుతుందా అన్నది ఉంటుంది. విదేశాంగ విషయాల్లో అక్కడ మెజారిటీతో పని జరగదు. అందరూ ఒప్పుకోవాలి.

2025 ఫిబ్రవరిలో ఇదే జరిగింది. ఎం23 తిరుగుబాటుదారులు అప్పటికే తూర్పు కాంగోలో గోమా, బుకావు నగరాలు పట్టేసుకుని ఉన్నారు. వాళ్ళ వెనక రువాండా సైన్యం ఉందని ఐక్యరాజ్యసమితి నిపుణులు చెబుతూనే ఉన్నారు. ఆంక్షలు పెడదామని యూరప్ విదేశాంగ మంత్రులు కూర్చున్నారు. అప్పుడు లక్సెంబర్గ్ ఆగమంది. ఏడు లక్షల జనాభా కూడా నిండని దేశం! ఆఫ్రికా దేశాలు తమలో తాము సంధి మాట్లాడుకుంటున్నాయి, అవేమంటాయో చూద్దాం అంది. మిగతా 26 దేశాలూ ఆగక తప్పలేదు. మార్చి 17న ఆంక్షలు వచ్చాయి. అదే రోజు రువాండా తన పాత పాలక దేశమైన బెల్జియంతో దౌత్య సంబంధాలు తెంచుకుంది. ఇంకో చిత్రం చూడండి. మొజాంబిక్ ఉత్తరాన తీవ్రవాదులతో పోరాడుతున్నందుకు అదే రువాండా సైన్యానికి యూరప్ ఉమ్మడి నిధి నుంచే డబ్బు అందింది. ఒక చేత్తో ఇచ్చిన డబ్బు, ఇంకో చేత్తో పెట్టిన ఆంక్ష. రెండు చేతులూ 27 మందివే.

పదిమంది చేతిలో పాము చావదని సామెత. యూరప్ వ్యవహారాల మీద రాసేవాళ్ళు చాలామంది దీన్నే పెద్ద పెద్ద మాటల్లో చెబుతుంటారు. ఈ 27 మందీ ఒక్క మాట మీద ఉంటే ఆఫ్రికాకి ఎంత మేలు జరిగేదో అని వాపోతుంటారు. నాకు ఆ మాట మీద చాలాకాలంగా అనుమానం. ఈ సామెత చెప్పుకునేటప్పుడు పాముని ఎవరూ అడగరు కదా. కర్ర పట్టినవాళ్ళు పదిమంది ఉండి, నేను ముందంటే నేను ముందని తగువులాడుకోవడం దానికి నష్టమా, లాభమా?

ఆఫ్రికా, యూరప్ కథని 1884లో బెర్లిన్ సదస్సుతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఆ బల్ల దగ్గర ఒక్క ఆఫ్రికన్ కూడా లేడన్న సంగతి మీరు వినే ఉంటారు. నేను చెరకు దగ్గర మొదలుపెడతాను.

1973 జనవరి 1న బ్రిటన్ అప్పటి యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరింది. దాంతో సభ్యులు తొమ్మిది మంది అయ్యారు. బ్రిటన్ ఒట్టి చేతులతో రాలేదు. మారిషస్, ఫిజీ, జమైకా, గయానా వంటి తన పాత వలసల నుంచి ఏటా ఇంత చక్కెర కొంటానని 1951 నుంచీ ఒప్పందం ఉంది. ఆ ముడి చక్కెరని శుద్ధి చేసే కర్మాగారం లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున ఉంది, అందులో పనివాళ్ళున్నారు, వాళ్ళకి ఓట్లున్నాయి. ఇక ఫ్రాన్స్ సంగతి. ఆ దేశం ఉత్తరాదిన రైతులు చక్కెర దుంప పండిస్తారు. చెరకు చక్కెర వచ్చిపడితే తమ దుంప ఏమవ్వాలని వాళ్ళ గోల. ఫ్రాన్స్‌కి ఆఫ్రికాలో తన పాత వలసల జట్టు వేరే ఉంది. 1963లో కామెరూన్‌లోని యవుండేలో 18 ఆఫ్రికా దేశాలతో కుదిరిన ఒప్పందం ప్రధానంగా ఆ జట్టుదే. తోడికోడళ్ళ మధ్య పుట్టింటి సామాను తగువులా తయారైంది వ్యవహారం.

ఆ తగువు సందులోంచి ఆఫ్రికా దేశాలు ముందుకొచ్చాయి. ఇంగ్లీషు మాట్లాడే జట్టు, ఫ్రెంచి మాట్లాడే జట్టు విడివిడిగా వస్తాయనుకున్నారు. నైజీరియా, సెనెగల్ ఒకే వరసలో నిలబడ్డాయి. కరీబియన్, పసిఫిక్ దీవులని కూడా కలుపుకున్నాయి. మొత్తం 46 దేశాలు. చక్కెర బేరం జమైకా మంత్రి పి.జె. ప్యాటర్సన్ నడిపారు, తర్వాత ఆ దేశానికి ప్రధాని కూడా అయ్యారాయన. అదృష్టం కూడా కలిసొచ్చింది. 1974 నవంబర్ నాటికి ప్రపంచ బజారులో చక్కెర ధర కనీవినీ ఎరగనంత ఎత్తుకెళ్ళింది. బ్రిటన్ దుకాణాల్లో చక్కెరకి కటకట. కొనేవాడికి గరజు, అమ్మేవాళ్ళలో ఐకమత్యం. బేరానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదు.

1975 ఫిబ్రవరి 28న టోగో రాజధాని లోమేలో సంతకాలు జరిగాయి. ఏటా దాదాపు 13 లక్షల టన్నుల చక్కెరని యూరప్ తన రైతుకిచ్చే ధరకి దగ్గరి ధర పెట్టి కొంటుంది. ఎన్నాళ్ళు? కాలపరిమితి లేదు. ఇది కాక ఆ 46 దేశాల సరుకులు దాదాపు అన్నీ యూరప్‌లోకి సుంకం లేకుండా రావచ్చు. బదులుగా యూరప్ సరుకుకి వాళ్ళు తలుపులు తీయనక్కర్లేదు. భారతదేశానికి కూడా విడిగా ఒక చిన్న చక్కెర కోటా దక్కింది.

ఆ 13 లక్షల టన్నుల్లో మూడో వంతుకు పైగా ఒక్క మారిషస్‌ది. ఇక్కడ మనవాళ్ళ ప్రస్తావన రాక తప్పదు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి ప్రాంతాల నుంచి కోరంగి రేవు మీదుగా ఓడలెక్కి వెళ్ళిన కూలీలు ఆ చెరకు చేలల్లోనే పనిచేశారు. అక్కడ వాళ్ళని ‘కోరింగీలు’ అనేవారు. మారిషస్ అగ్నిపర్వతం నుంచి పుట్టిన దీవి, నేలనిండా నల్లరాళ్ళు. అంతకుముందు బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు, తర్వాత బీహార్ నుంచీ తమిళ దేశం నుంచీ మన దగ్గర నుంచీ వెళ్ళిన కూలీలు తరం తర్వాత తరం ఆ రాళ్ళు ఏరి చేల మధ్య గుట్టలు పోశారు. ఇప్పటికీ పచ్చటి చెరకు మధ్యలో చిన్న చిన్న గోపురాల్లా కనిపిస్తాయవి. లోమే ఒప్పందం పుణ్యమా అని ఆ చేలల్లో పండిన చక్కెరకి చాలా ఏళ్ళపాటు ప్రపంచ బజారు ధరకి రెండు మూడు రెట్లు వచ్చింది. ఆ డబ్బు బట్టల మిల్లుల్లోకీ హోటళ్ళలోకీ వెళ్ళింది. 1977 నుంచి హైస్కూలు చదువు ఉచితమైంది. చెరకు నరికిన చేతుల మనవలు గుమాస్తాలయ్యారు, టీచర్లయ్యారు. ఉగాదికి ఆ దేశంలో ఇవాళ ప్రభుత్వ సెలవు.

మరి ఆ ఒప్పందం ఏమైంది? యూరప్ తన చక్కెరకి సబ్సిడీలిచ్చి బయట బజారులో గుమ్మరిస్తోందని బ్రెజిల్, ఆస్ట్రేలియా, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచాయి. యూరప్ తన చక్కెర పద్ధతి మార్చుకోక తప్పలేదు. అంతవరకూ న్యాయమే. 2005 నవంబర్‌లో వ్యవసాయ మంత్రులు కూర్చుని చక్కెర ధర నాలుగేళ్ళలో 36 శాతం తగ్గించాలని తీర్మానించారు. ఆ ఆరు నెలలు యూనియన్ అధ్యక్షత బ్రిటన్ వంతు. చెరకుని చేయిపట్టి లోపలికి తీసుకొచ్చిన బ్రిటనే దాన్ని గుమ్మం దాకా సాగనంపింది. తమ దుంప రైతులకి నష్టంలో సగానికి పైగా నేరుగా పరిహారం కట్టారు. చెరకు దేశాలకి సర్దుబాటు సాయం పేరుతో ప్రాజెక్టు నిధులిచ్చారు. 2009 సెప్టెంబర్ 30తో చక్కెర ఒప్పందం ముగిసింది. కాలపరిమితి లేని మాటకి 34 ఏళ్ళ ఆయుష్షు. మారిషస్‌లో పది పైచిలుకు ఉన్న చక్కెర ఫ్యాక్టరీలు మూడుకి దిగాయి. వేలమంది కూలీలు కొంత నగదు, ఒక చిన్న ఇంటిస్థలం తీసుకుని పని మానుకున్నారు.

గమనించారా? తొమ్మిది మంది కొట్టుకున్నప్పుడు ఆఫ్రికాకి లోమే దక్కింది. పాతిక మంది ఒక్కటయ్యాక అది పోయింది.

వాణిజ్యంలో యూరప్‌ది నిజంగానే ఒక్క గొంతు. అక్కడ మౌనాలూ గడువులూ ఉండవు. చట్టం ప్రకారం యూరోపియన్ కమిషన్ ఒక్కటే అందరి తరఫునా బేరమాడుతుంది. ఆ గొంతు ఎంత గట్టిదో 2000 తర్వాత తెలిసింది. లోమేలో ఒక్క జట్టుగా నిలబడ్డ దేశాలని ఇప్పుడు ప్రాంతాల వారీగా విడివిడిగా కూర్చోబెట్టారు. మీ సరుకు సుంకం లేకుండా రావాలంటే మా సరుకుకీ మీ తలుపు తెరవాలి, 2007 డిసెంబర్ 31 లోగా సంతకం పెట్టాలి అన్నారు. ఆ డిసెంబర్‌లో లిస్బన్‌లో జరిగిన శిఖరాగ్ర సమావేశంలో సెనెగల్ అధ్యక్షుడు అబ్దులాయ్ వాద్ ఒప్పుకోనని ఎదురు తిరిగారు. కొన్ని దేశాలు భయపడి విడిగా పొడి సంతకాలు పెట్టాయి. ఐవరీ కోస్ట్, ఘనా అలా పెట్టినవే. పక్కవాళ్ళు పెట్టలేదు. ఒకే ప్రాంతంలోని ఇరుగుపొరుగు తలోదారి పట్టారు.

కెన్యా గులాబీల కథ ఇందులో చిన్న ముక్క. నైవాషా సరస్సు పక్కన గాజు ఇళ్ళలాంటి పందిళ్ళ కింద పెంచిన గులాబీలు పొద్దున కోస్తే రాత్రి విమానంలో నెదర్లాండ్స్ పూల వేలానికి వెళతాయి. అప్పట్లో తూర్పు ఆఫ్రికా దేశాలన్నీ కలిసి సంతకం పెట్టాల్సి ఉండేది. టాంజానియాకి తొందర లేదు, ఎందుకంటే అది బాగా వెనకబడిన దేశాల జాబితాలో ఉంది, దాని సరుకుకి ఎటూ సుంకం పడదు. కెన్యా ఆ జాబితాలో లేదు. 2014 అక్టోబర్ 1న గడువు దాటింది, కెన్యా పూల మీద సుంకం పడింది. మూడు నెలలు తిరక్కుండానే తూర్పు ఆఫ్రికా దేశాలు దారికొచ్చాయి. పక్కవాడితో కలిసి ఉందామనుకున్నందుకు కట్టిన జరిమానా అది. బ్రస్సెల్స్ కాగితాల్లో ఈ దేశాలని ‘భాగస్వాములు’ అంటారు. భాగస్వామి అంటే భాగం ఉన్నవాడని మన అర్థం.

2018లో ఆఫ్రికన్ యూనియన్ ఒక ప్రయత్నం చేసింది. ఇకమీదట ఖండం మొత్తానికీ, అంటే 55 దేశాలకీ మేమే మాట్లాడతాం అంది. సొంత సభ్యులే పడనివ్వలేదు. పాత జట్టులో ఉన్న నిధులు, పదవులు, అలవాట్లు అడ్డుపడ్డాయి. బేరం పాత పద్ధతిలోనే సాగి 2023 నవంబర్ 15న పసిఫిక్‌లోని సమోవాలో కొత్త ఒప్పందం మీద సంతకాలు జరిగాయి. ఆ రోజున ఆ జట్టులో సగానికి కాస్త పైగా దేశాలే సంతకం పెట్టాయి. తప్పంతా యూరప్ మీదకి నెట్టేయడం నా ఉద్దేశం కాదు.

యూరప్ తగువులన్నీ ఆఫ్రికాకి మేలే చేశాయనీ అనను. లిబియాని మర్చిపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. 2011 మార్చి 17న అక్కడ సైనిక చర్య మీద ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో ఓటింగ్. ఫ్రాన్స్, బ్రిటన్ బాంబులకి తయారు. జర్మనీ ఓటు వెయ్యకుండా ఊరుకుంది. అప్పుడు మండలిలో ఉన్న భారతదేశం కూడా వెయ్యలేదు. ఆఫ్రికన్ యూనియన్ తరఫున రాయబారానికి ఒక బృందం 20న ట్రిపోలీ వెళ్ళాల్సి ఉంది. 19నే విమానదాడులు మొదలయ్యాయి. లిబియా పాలకుడు గడాఫీ పోయాడు, దేశం ముక్కలైంది, ఆయుధాలు ఎడారి దాటి మాలీ చేరాయి. కాపలా లేని లిబియా తీరం నుంచి పడవలు బయల్దేరాయి. 2015 ఏప్రిల్‌లో ఒకే ఒక్క పడవ మునిగి దాదాపు 800 మంది చనిపోయారు.

అప్పుడు యూరప్ ఒక్కటైంది. అంతకుముందు ఏ ఆఫ్రికా విషయంలోనూ అంత తొందరగా ఒక్కటైనట్టు నాకు గుర్తులేదు. అదే ఏడాది నవంబర్‌లో మాల్టా రాజధాని వాలెట్టాలో ఆఫ్రికా నాయకులని పిలిచి కూర్చోబెట్టారు, అత్యవసర నిధి పెట్టారు. అది పెరిగి పెరిగి 500 కోట్ల యూరోల దాకా వెళ్ళింది. వలసలకి మూలకారణాలు తీరుస్తాం అన్నారు. గురి లేకుండా ఖర్చుపెడుతున్నారని యూరప్ సొంత ఆడిటర్లే 2018లో తప్పుపట్టారు. గురి ఉన్న చోటు ఒకటుంది. అగాదెజ్.

అగాదెజ్ నైజర్‌లో ఉంది. నైజర్ అంటే నైజీరియా కాదు, దానికి ఉత్తరాన ఉన్న ఎడారి దేశం. అగాదెజ్ ఒంటెల బిడారుల కాలం నుంచీ బాటసారుల ఊరు. ఒకప్పుడు యూరప్ నుంచి ఎడారి చూడటానికి యాత్రికులు వచ్చేవారు. తిరుగుబాట్లు, కిడ్నాపుల భయంతో వాళ్ళు రావడం మానేశాక, వాళ్ళని తిప్పిన డ్రైవర్లు దక్షిణం నుంచి వచ్చే కుర్రాళ్ళని లిబియా వైపు తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. బండి తెల్ల టయోటా హైలక్స్. వెనక తొట్టిలో నీళ్ళ డబ్బాలు, మూటలు, వాటి మీద పాతిక ముప్ఫై మంది. అంచున కూర్చున్నవాళ్ళ కాళ్ళు బయటికి వేలాడుతుంటాయి. పడిపోకుండా సామాను సందుల్లో కర్రలు దూర్చి, వాటిని తొడల మధ్య బిగించి పట్టుకుంటారు. ఇసుక కొట్టకుండా ముఖమంతా గుడ్డ. వారానికోసారి సైన్యం కాన్వాయ్ కదులుతుంది, దాని వెనకే బండ్లన్నీ బారులు తీరి వెళతాయి. అక్కడ దాన్ని ఎవరూ దొంగ వ్యాపారం అనుకోలేదు. పశ్చిమ ఆఫ్రికా దేశాల పౌరులు ఒకరి దేశంలోకి ఒకరు వెళ్ళొచ్చని 1979లోనే ఒప్పందం కుదిరింది. 2016లో నైజర్ గుండా మూడు లక్షలమందికి పైగా దాటారు.

2015 మేలో నైజర్ చట్టం చేసింది. వలసదారులని తీసుకెళితే జైలు. 2016లో ఆ చట్టానికి కోరలొచ్చాయి. అప్పటి హోంమంత్రి మొహమ్మద్ బజూమ్ దగ్గరుండి అమలు చేయించారు. డ్రైవర్లని పట్టుకున్నారు, బండ్లు జప్తు చేశారు. యూరప్ నిధులు, యూరప్ పోలీసు శిక్షకులు వచ్చారు. లిబియా సరిహద్దుకి వందల కిలోమీటర్ల ఇవతల, సొంత దేశంలో బండి తోలుకుంటున్నవాడు నేరస్థుడైపోయాడు. వేరే బతుకుదెరువు చూసుకోండని తలా 15 లక్షల సీఎఫ్‌ఏ ఫ్రాంకుల సాయం, అంటే సుమారు 2,300 యూరోలు ఇస్తామన్నారు. 6 వేలమందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నారు. తొలి విడతల్లో అందింది కొన్ని వందల మందికి. అదీ నగదు కాదు, ఏ కోళ్ళో, కిరాణా సరుకో. మానలేనివాళ్ళు బావులున్న దారి వదిలి, గస్తీ లేని దారిన రాత్రిళ్ళు వెళ్ళడం మొదలుపెట్టారు. చెక్‌పోస్టు దీపం కనిపిస్తే జనాన్ని ఇసుకలో దింపేసి పారిపోయినవాళ్ళున్నారు. అంకెలు మాత్రం బాగా తగ్గాయి. బ్రస్సెల్స్‌లో దీన్ని విజయంగా చెప్పుకున్నారు. అప్పుడున్న 28 మందిలో ఎవరూ మౌనం చెడగొట్టలేదు.

బజూమ్ 2021లో దేశాధ్యక్షుడయ్యారు. 2023 జులై 26న ఆయన అంగరక్షక దళమే ఆయన్ని బంధించి గద్దె దించింది. అప్పుడు యూరప్ మళ్ళీ తలోదారి. ఫ్రాన్స్ కొత్త పాలకులని గుర్తించనంది, పొరుగు దేశాలు సైన్యం పంపుతామంటే వెనక నిలబడింది, చివరికి ఆ ఏడాది డిసెంబర్‌కల్లా తన సైనికులని వెనక్కి తెచ్చుకుని ఎంబసీకి తాళం వేసింది. ఇటలీ సైనికులు అక్కడే ఉండిపోయారు. జర్మనీ నైజర్ రాజధాని నియామేలో తన విమానస్థావరాన్ని మరుసటేడు ఆగస్టు దాకా నడిపింది. అగాదెజ్ దారి మీద ఒక్క మాటగా ఉన్నవాళ్ళు, ఆ మాట అమలు చేసిన అధ్యక్షుడు పడిపోతే ఏం చెయ్యాలో మాత్రం ఒక్క మాట అనుకోలేకపోయారు.

2023 నవంబర్‌లో నైజర్ సైనిక పాలకులు ఆ చట్టాన్ని రద్దు చేశారు. శిక్షలు కూడా కొట్టేస్తామన్నారు. బ్రస్సెల్స్‌ని అడగలేదు. ఆ తర్వాత అగాదెజ్‌లో హైలక్స్ బండ్లు మళ్ళీ పగటిపూటే, సైన్యం కాన్వాయ్ వెనక బారులు తీరి లిబియా దారి పట్టాయి.